ఇంటి పని, ఒంటి బలం, నోటి మాట

చదువవలసిన లేఖన భాగములు: అపొస్తలుల కార్యములు 5:1–11, యోహాను 13:1–17, యోహాను 21:1–14



ఈ నెల పాఠములో ఏ కొత్త జబ్బు గురించీ రాయడం లేదు. చీపురు, బిందె, ఉప్పు పేకెట్టు, మందు బిళ్ళల స్ట్రిప్పు, వీటి గురించి రాస్తున్నాము. బి.పి., షుగరు అదుపులో ఉండడమూ అదుపు తప్పడమూ చాలామటుకు వంటగదికీ వీధి అరుగుకూ మధ్యనే తేలిపోతుంది. ఆస్పత్రికి వచ్చేసరికి అంకెలు మాత్రమే మిగులుతాయి.

ఓపీలో మేము అడిగే ప్రశ్నలు ముఖ్యంగా మూడు. మందులు రోజూ వేసుకుంటున్నారా? ఉప్పు తగ్గించారా? ఒంటికి పని చెబుతున్నారా? నౌపడ నుంచి వచ్చినవారైనా, టెక్కలి నుంచి వచ్చినవారైనా మూడింటికీ "ఆఁ, అవునండి" అంటారు. భర్త తడబడితే భార్య అందుకుంటుంది. "మా ఆయన తీపి ముట్టరండి" అని ఆవిడ చెబుతుంది. "ఇంట్లో పొద్దస్తమానం పనే కదండీ, మళ్ళీ వేరే నడకెందుకు దీనికి" అని ఆవిడ తరఫున ఆయన చెబుతాడు. ఒకరి మాటను ఒకరు కాచుకుంటారు. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. బి.పి. మిషను మాత్రం ఎవరి తరఫునా మాట్లాడదు.

భార్యాభర్తలు ఒకే మాట మీద

అననీయ, సప్పీరల కథ మనకు సండేస్కూలు నాటి నుంచి తెలుసు. పొలం అమ్మారు. సొమ్ములో కొంత దాచుకున్నారు. మిగిలింది తెచ్చి అపొస్తలుల పాదముల యొద్ద పెట్టి, ఇదే మొత్తం అన్నట్టు చూపించారు. ఇద్దరూ ముందే మాట అనుకున్నారు గనుక, మూడు గంటల తరువాత వచ్చిన సప్పీర కూడా భర్త చెప్పిన లెక్కే చెప్పింది. ఈ కథ విన్నప్పుడు పిల్లలకు భయం మిగులుతుంది. పెద్దలమైన మనము పేతురు అడిగిన తీరును కొంచెం నిదానంగా చూడాలి. పొలం అమ్మక ముందు అది నీదే, అమ్మిన తరువాత కూడా డబ్బు నీ చేతిలోనే ఉంది అని పేతురు అననీయకు గుర్తుచేశాడు. అంటే మొత్తం తెచ్చి తీరాలని వారిని ఎవరూ బలవంతపెట్టలేదు. సగం తెచ్చి, ఇది సగమండీ అని ఉంటే సరిపోయేది.

మా ఓపీలో జరిగేదీ అదే. రోజూ గంట నడవకపోతే ఎవరూ శిక్షించరు. వారానికి రెండు రోజులు, పావుగంట చొప్పున నడిచానండీ అంటే దాని మీద డాక్టరు ఏదో ఒకటి కట్టగలరు. లేని గంట మీద ఏమీ కట్టలేరు. సప్పీరను కూడా పేతురు వేరుగా అడిగాడు, భర్త మాట పక్కన పెట్టి తన మాట తాను చెప్పుకునే అవకాశం ఇచ్చాడు. మా సిస్టర్లు కొన్నిసార్లు భార్యను ఒక్కదాన్నే పక్కకు పిలిచి మాట్లాడతారు. దానికి ఎవరూ నొచ్చుకోవద్దు.

అబద్ధం వల్ల ఏమి జరుగుతుందో ఒక లెక్క చెబుతాము. ఒకాయనకు పై బి.పి. 170 ఉంది. "రోజూ వేసుకుంటున్నానండి" అన్నాడు. నిజానికి వారంలో నాలుగు రోజులే వేసుకుంటున్నాడు. ఆ మాట విన్న డాక్టరు ఏమనుకోవాలి? ఈ బిళ్ళ ఈ మనిషికి చాలడం లేదు అనుకోవాలి. మోతాదు పెంచుతారు, లేదా రెండో బిళ్ళ కలుపుతారు. వచ్చే నెలా అదే మాట, మూడో బిళ్ళ. ఇంతలో విశాఖపట్నం నుంచి కూతురు వస్తుంది. నాన్నగారికి దగ్గర కూర్చుని చీటీలో ఉన్నవన్నీ వేళకు వేయిస్తుంది. నాలుగు రోజులకే బి.పి. దబ్బున పడిపోతుంది. తెల్లవారుజామున మంచం దిగి నిలబడగానే కళ్ళు తిరిగి, గడప మీద పడతాడు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఎన్ని నెలలు మంచాన ఉండాలో మీకు తెలియనిది కాదు. షుగరు బిళ్ళలతోనూ ఇన్సులిన్‌తోనూ ఇంతకంటే త్వరగా ప్రమాదం వస్తుంది. చెమటలు, వణుకు, మాట తేడా, ఒక్కోసారి స్పృహ తప్పడం.

చెకప్పుకు మూడు రోజుల ముందు పథ్యం పట్టి వచ్చేవారూ ఉన్నారు. ఆనాటి షుగరు బాగానే కనబడుతుంది. అందుకనే మూడు నెలల షుగరు పరీక్ష, హెచ్‌బీఏ1సీ అనేది చేయిస్తాము. మన రక్తంలోని ఎర్రకణాలు సుమారు 120 రోజులు బ్రతుకుతాయి. ఆ రోజుల్లో రక్తంలో తిరిగిన చక్కెర వాటికి అంటుకుని ఉండిపోతుంది. మూడు రోజుల పథ్యం దాన్ని కడిగెయ్యలేదు.

బిళ్ళ మానడానికి కారణాలు ఉంటాయి, అవి సిగ్గుపడవలసినవి కావు. చేతిలో డబ్బు ఉండదు. వేడి చేస్తుందని ఎవరో చెప్పారు. బి.పి. బిళ్ళల్లో ఒక రకం మూత్రం ఎక్కువగా పోయేలా చేస్తుంది, దానితో ఊరు ప్రయాణం ఉన్న రోజున బస్సులో ఇబ్బంది అని ఆడవాళ్ళు మానేస్తారు. ఇది ఎంత న్యాయమైన కారణమో చూడండి! చెప్తే ఆ బిళ్ళ వేళ మార్చవచ్చునేమో, వేరే మందు ఇవ్వవచ్చునేమో డాక్టరు చూస్తారు. డబ్బు సంగతైతే ప్రభుత్వ పి.హెచ్.సి.లో బి.పి., షుగరు మందులు ఉచితంగా ఇస్తారు. అక్కడ తీసుకుంటున్నామని మాతో చెప్పడానికి మొహమాటపడవద్దు.

ఉప్పు పేకెట్టు చెప్పే సాక్ష్యం

నౌపడవారికి ఉప్పు గురించి చెప్పడం అంటే చేపకు ఈత నేర్పినట్టే. ఉప్పు మళ్ళ మధ్య పుట్టిపెరిగినవారు. ఎండలు ముదిరేకొద్దీ తెల్లగా రాశులు పడే ఊరిలో, చెంచాతో కొలిచి వేసుకోండి అంటే నవ్వు వస్తుంది. అయినా చెప్పాలి. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే తలకొట్టిన చిన్న చెంచాడు, అన్ని పూటలకూ కలిపి.

దీన్ని ఎవరినీ అడగకుండా లెక్క కట్టవచ్చు. ఇంట్లో ఐదుగురు పెద్దవాళ్ళు ఉంటే రోజుకు 25 గ్రాములు. కిలో పేకెట్టు 40 రోజులు రావాలి. పేకెట్టు విప్పిన రోజున దాని మీద తారీఖు రాయండి. ఇరవై రోజులకే అయిపోతే, గంజితోనూ చేపలు కడిగిన నీళ్ళతోనూ కొంత పోయిందనుకున్నా, ఎవరో ఎక్కువ తింటున్నారు. ఎండు చేపలు, ఎండు రొయ్యలు, ఆవకాయ, అప్పడాలు, సాయంత్రం పొట్లం కట్టించుకునే మిక్చరు ఈ లెక్కలోకి రాలేదని మరచిపోవద్దు. ఉప్పుచేప వండిన రోజున కూరలో మళ్ళీ ఉప్పు వెయ్యనక్కరలేదు. చేపను రెండు మూడు నీళ్ళలో నానబెట్టి పారబోస్తే కొంత తగ్గుతుంది. చోడి అంబలిలోకి ఉప్పు బదులు పుల్లటి మజ్జిగ, ఉల్లిపాయ వేసుకోవచ్చు. కొందరు దీనికి నెల రోజుల్లో అలవాటు పడతారు, కొందరు పడరు, సణుగుతారు.

రాళ్ళ ఉప్పు బి.పి.కి మంచిదట అని ఒక మాట తిరుగుతోంది. రాయైనా పొడి అయినా బి.పి.ని పెంచే సోడియం అదే. పైగా మడి నుంచి నేరుగా తెచ్చిన ఉప్పులో అయోడిన్ కలిపి ఉండదు. అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మకూడదని దేశమంతటా 2006 నుంచి నిషేధం ఉంది. గర్భిణీ స్త్రీలు, పిల్లలు ఉన్న ఇంట్లో ఇది ముఖ్యం. కొలిచి వాడండి, అయోడిన్ ఉన్నదే వాడండి.

ఎవరి పని ఎవరికి వ్యాయామం?

ఇక మూడో ప్రశ్న, ఒంటికి పని. ఇక్కడ అబద్ధం నోటితో కంటే లెక్కలో ఎక్కువ దాగి ఉంటుంది.

కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, మన దేశంలో జీతం లేని ఇంటి పనికి స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు పెడుతున్నారు. ఇంటి పనికి చేయి వేసేవారిని మాత్రమే లెక్కించగా వచ్చిన అంకె ఇది. అసలు చెయ్యి వెయ్యని పురుషులు ఆ 88లోకి రాలేదు. మరి అదే సంవత్సరం లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ప్రపంచ ఆరోగ్య సంస్థవారితో కలిసి పరిశోధకులు ప్రచురించిన వ్యాసం 2022 నాటి లెక్క చెబుతూ, భారతదేశంలో చాలినంత శరీర శ్రమ లేనివారు స్త్రీలలో 57 శాతం, పురుషులలో 42 శాతం అన్నది. దాదాపు ఐదు గంటలు పని చేసేవారికి శ్రమ చాలడం లేదట! ఇదేమి లెక్క అని ఇంటి ఇల్లాలు అడిగితే ఆమెదే న్యాయం.

దీనిలో రెండు సంగతులు ఉన్నాయని మా అభిప్రాయం. ఈ సర్వేలన్నీ మనుషులను అడిగి రాసుకున్నవే. ఏమి పని చేస్తావమ్మా అంటే "ఏటీ లేదు బాబూ, ఇంట్లోనే" అని చెప్పడం మన ఆడవాళ్ళకు అలవాటు. తమ పనిని తామే పనిగా ఎంచరు. రెండవది, ఆ ఐదు గంటల్లో చాలా భాగం అలసట ఇస్తుంది గాని గుండెకు పరుగు ఇవ్వదు. ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తిని 1 అనుకుంటే, నిలబడి అంట్లు తోమడం 2 దగ్గర ఉంటుంది. ఇల్లు ఊడ్చి తడిగుడ్డ పెట్టడం 3 దాటుతుంది. చురుకైన నడక 4 దాకా వెళుతుంది. గుండెకు మేలు చేసే మధ్యస్థ శ్రమ 3 నుంచి మొదలు. పొయ్యి ముందు నిలబడడం, కూరలు తరగడం, పిల్లల వెనక తిరగడం నడుమును విరుస్తాయి, ఊపిరిని పెంచవు. మునుపు రోకలి, తిరగలి, నూతి తాడు ఆ పని చేసేవి. గ్రైండరూ మోటారూ వచ్చి శ్రమ తగ్గించాయి, దానికి దేవునికి స్తోత్రం. ఐతే పని గంటలు మాత్రం అంతగా తగ్గలేదు.

పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఇదివరకు కనీసం పది నిమిషాలు ఏకబిగిని చేస్తేనే లెక్క అనేవారు. 2020లో ఆ షరతు తీసేశారు. ఐదు నిమిషాలు బిందెతో మెట్లెక్కినా లెక్కే. మధ్యస్థమో కాదో తెలుసుకోవడానికి మిషను అక్కరలేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, కీర్తన పాడలేకపోవాలి. రాగం తీసి పాడగలుగుతున్నారంటే ఇంకొంచెం వేగం పెంచవచ్చు. వారానికి రెండు రోజులైనా కండరాలకు బలం ఇచ్చే పని కూడా ఉండాలని అదే సంస్థ చెప్పింది. నీళ్ళు మోయడం, తోటలో తవ్వడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడం, ఇవన్నీ దానిలోకి వస్తాయి.

ఇప్పుడు లెక్క సరిచేద్దాము. ఇంట్లో 3 దాటే పనులు ఏవి? ఊడ్చి తుడవడం, నీళ్ళు మోయడం, దుప్పట్లు ఉతికి పిండడం, పెరటి పని. షుగరు వచ్చింది, బరువు తగ్గమన్నారు అని బాధపడే అయ్యగారికి ఇంతకంటే దగ్గర వ్యాయామశాల ఎక్కడ ఉంది? రోజూ అరగంట ఆ పనులు ఆయన తీసుకుంటే ఆయన ఒంటికి శ్రమ వస్తుంది, ఆవిడకు అరగంట మిగులుతుంది. ఆ అరగంటలో ఆవిడ నడవవచ్చు. నడవడానికి ఆడవాళ్ళకు ఎక్కువగా చాలనిది కాలమే. కాళ్ళ నొప్పి అని పైకి చెబుతారు.

ఆడపని చేస్తే నలుగురూ ఏమంటారు అని ఒక సంకోచం ఉంటుంది. తువాలు నడుముకు కట్టుకుని పళ్ళెములో నీళ్ళు పోసి శిష్యుల పాదాలు కడిగిన ప్రభువు సంగతి ప్రతి పరిశుద్ధ శుక్రవారం ముందు చదువుకుంటాము. పేతురు కూడా అప్పుడు సంకోచించాడు. యోహాను 21వ అధ్యాయము మన తీరప్రాంతపు వారికి మరీ దగ్గర. రాత్రంతా వేటాడి ఒడ్డుకు వచ్చినవారికి నిప్పుల మీద చేప, రొట్టె సిద్ధం చేసి ఉంచినవాడు పునరుత్థానుడైన ప్రభువే. చేప కాల్చి పెట్టడం ఆయనకు చిన్నతనం కాలేదు.

ఆవిడ నడకకు బయలుదేరితే ఇంకొక ఆటంకం ఉంది. "ఏటమ్మా, పొద్దున్నే ఎక్కడికెల్తన్నావు?" అని ప్రతి గడపా అడుగుతుంది. పని లేకుండా ఆడది వీధిలో నడవడం మన ఊళ్ళలో ఇంకా జవాబు చెప్పుకోవలసిన విషయమే. ఒంటరిగా కంటే ముగ్గురు నలుగురు కలిసి వెళ్ళడం మంచిది. స్త్రీల సమాజము కూడే రోజున ప్రార్థనకు ముందు అరగంట చర్చి ఆవరణలోనో బడి మైదానంలోనో నడవవచ్చు. నౌపడలో స్టేషను దాకా వెళ్ళి రావచ్చు, పట్టాలు దాటకుండా. ఒకప్పుడు ఇక్కడి నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన సన్నపట్టాల రైలు నడిచేది. దాని పక్కన నడిచి పందెం వేసినట్టు చెప్పుకునే ముసలివారు ఉన్నారు. ఎంత నిజమో వారికే తెలియాలి!

ఉప్పు మళ్ళలో పనిచేసేవారికి

వీరికి నడవండి అని చెప్పము. ఎండలో ఉప్పు లాగి, గంపలు మోసేవారికి శ్రమ చాలినంత కంటే ఎక్కువే. వారిని వేరే ప్రశ్న అడుగుతాము. నొప్పి బిళ్ళలు ఎన్ని వేసుకుంటున్నారు? రోజంతా మోశాక నడుము, మోకాళ్ళు సలుపుతాయి. దుకాణంలో అడిగి ఒక బిళ్ళ వేసుకుని పడుకుంటే తెల్లారి లేవగలుగుతారు. ఒంట్లో నీరు ఎండిపోయి ఉన్నప్పుడు ఈ రకం నొప్పి బిళ్ళలు మూత్రపిండాలకు రక్తం అందడాన్ని తగ్గిస్తాయి. నెలల తరబడి అలా వాడితే అవి దెబ్బతినవచ్చు. మన పక్కనే ఉద్దానంలో, సోంపేట, కవిటి, కంచిలి, పలాస వైపు, కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను తీసిందో అందరికీ తెలుసు. దానికి ఇదొక్కటే కారణమని ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైంది కూడా. కారణం తేలేలోగా మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు త్రాగడం, నడిమధ్యాహ్నం నీడ పట్టున కూర్చోవడం, ఏడాదికొకసారి రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవడం, నొప్పి బిళ్ళ సంగతి దాచకుండా చెప్పడం. మేస్త్రీలు నీళ్ళ డ్రమ్ము మడి దగ్గరే పెట్టిస్తే చాలా మేలు.

పిల్లల మాట ఒకటి. అప్పు అడగడానికి వచ్చినవారితో "నాన్న ఇంట్లో లేరని చెప్పు" అని పంపే ఇంట్లో, రేపు ఆ పిల్లవాడు తాతయ్య బిళ్ళలు పెరట్లో పారేయడం చూసి కూడా ఎవరితోనూ చెప్పడు. చెల్లి చీపురు పట్టి, అన్న ఫోను పట్టుకుని కూర్చునే ఇళ్ళూ ఉన్నాయి. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు 60 నిమిషాల ఆటో, శ్రమో కావాలి, మగపిల్లవాడికి కూడా.

ఇంట్లో కలిసి మాట్లాడుకోవడానికి

కుటుంబ ప్రార్థన అయ్యాక ఒక సాయంత్రం ఈ ప్రశ్నలు వేసుకోండి. నిన్న ఈ ఇంట్లో నీళ్ళు ఎవరు మోశారు, గిన్నెలు ఎవరు తోమారు, ఆఖరున ఎవరు పడుకున్నారు? ఉప్పు పేకెట్టు ఏ తారీఖున విప్పాము? పోయిన వారం ఎన్ని బిళ్ళలు మిగిలాయి, ఎందుకు? డాక్టరు గారితో మనం ఒకరి కోసం ఒకరం ఏమి చెబుతున్నాము? జవాబులు విన్నప్పుడు పోట్లాట రావచ్చు. పాస్టరు గారు ఆ ఇంటికి వెళ్ళి కూర్చుంటే తేలికవుతుంది.

నడక మొదలుపెట్టేవారు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. నడుస్తుంటే ఛాతీ బిగపట్టినా, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకినా, మామూలుకు మించిన ఆయాసం వచ్చినా ఆగి, వెంటనే ఆస్పత్రికి రండి. షుగరు ఉన్నవారు చెప్పులు లేకుండా నడవవద్దు, ఇంటికి వచ్చాక అరికాళ్ళు చూసుకోండి. ఇన్సులిన్ గాని షుగరు బిళ్ళలు గాని వాడేవారు పరగడుపున నడవవద్దు, జేబులో నాలుగు చెంచాల పంచదార పొట్లం ఉంచుకోండి. మోకాళ్ళు వాచినవారు, ఇదివరకు గుండెపోటు వచ్చినవారు ముందు మాకు చూపించుకుని మొదలుపెట్టండి.

ఈసారి ఓపీకి వచ్చేటప్పుడు చీటీతో పాటు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, ఖాళీవీ సగం మిగిలినవీ, దుకాణంలో కొన్న నొప్పి బిళ్ళలతో సహా ఒక సంచిలో వేసుకుని తీసుకురండి. మిగిలినవాటిని చూసి ఎవరూ కోప్పడరు. సిస్టరు బల్ల మీద పరిచి లెక్కపెడుతుంది, ఆ లెక్క చూసి డాక్టరు గారు మందు రాస్తారు.